దొరిందా పొయ్యి ఆరదు

మెలీదే దాటి రెండు గంటలు నడిస్తే ఫొంతెలా వస్తుంది. అక్కడ పునీత యాకోబు సమాధి ఉన్న శాంతియాగోకి వెళ్ళే యాత్రికుల దారి చెస్ట్‌నట్ తోపులోకి దిగుతుంది. దిగినచోటే ఎడమచేతి వైపు ఒక రాతి ఇల్లు. పలకరాళ్ళ కప్పు సగం కుంగిపోయింది. కిటికీలకు చెక్కలు కొట్టేశారు. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో మనిషన్నవాడు లేడు.

పొగ మాత్రం వస్తుంది.

రోజూ కాదు... ఎప్పుడో ఒకసారి, తెల్లారకముందే నడక మొదలుపెట్టే యాత్రికులకు ఆ పొగ కనిపిస్తుంది. పొగ వెనకే వాసన. ఆ వాసన పట్టుకుని లోపలికి వెళ్ళినవాళ్ళు బతికే బయటికొస్తారు, ప్రాణానికేం ఢోకా లేదు. కానీ ఆ ఇంటి తిండి నోటికి పట్టినవాడికి ఆ తర్వాత లోకంలో ఇంకెవరి వంటా రుచించదు. కన్నతల్లి వండినా, కట్టుకున్నది వండినా... గడ్డి నమిలినట్టే ఉంటుంది.

మా గలీసియాలో దెయ్యాలకు కొదవేం లేదు. దారి తప్పించేవి ఉన్నాయి, కొవ్వొత్తులు పట్టుకుని వరసగా నడిచేవి ఉన్నాయి. కాపురంలో నిప్పులు పోసే దెయ్యం మాత్రం ఇదొక్కటే. ఆ ఇంట్లోకి వెళ్ళిన ఆకిలీనా అనే యాత్రికురాలి సంగతి నాకు చెప్పింది ఫొంతెలా సత్రం నడిపే బల్బీనా. ఆమె కల్పించి చెప్పే రకం కాదు. అంత ఓపిక ఆమెకు లేదు.

ఆకిలీనాది ఇటువైపు కాదు, ఆస్తోర్గా దగ్గర మరగాతోలనే తెగవాళ్ళ పల్లె. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడ భోజనశాల నడిపింది. మరగాతోల విందు తెలుసు కదా, అంతా తలకిందులు. ముందు మాంసాలు పెడతారు, తర్వాత సెనగలూ క్యాబేజీ, అన్నీ అయ్యాక చివర సూపు. ఆ చివరి సూపులోనే ఉండేది ఆకిలీనా గర్వమంతా. వంటింటి తలుపు సందులోంచి మొగుడి ముఖం చూస్తూ నిలబడేది. ఒనోరియో సూపు తాగి, రొట్టె ముక్కతో గిన్నె తుడుచుకుని, "ఊఁ" అనేవాడు. పోస్టుమాన్‌గా పనిచేసిన మనిషి, ఊరందరి మాటలూ మోసి మోసి తన మాటలు తగ్గించుకున్నాడు. ఆమెకు ఆ ఒక్క "ఊఁ" చాలు.

రెండేళ్ళుగా ఆ "ఊఁ" లేదు. గిన్నె తుడవడం లేదు. పెట్టింది తింటాడు, లేచి వెళ్ళిపోతాడు.

ఏమైందని ఆమె అడగలేదు. అడిగి చెప్పించుకునే మెప్పు ఆమెకు అక్కర్లేదు. ఈ సెప్టెంబరులో భోజనశాల మూసేసింది. "శాంతియాగో దాకా నడుద్దామా?" అని ఒనోరియోనే అడిగాడు. దారిలోనైనా మనసు విప్పుతాడేమోనని ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

మనసు విప్పాడు. ఆమె దగ్గర కాదు, దారి పొడుగునా ఉన్న వంటింటి ఆడవాళ్ళందరి దగ్గరా విప్పాడు.

బియెర్సోలో బొతీయో పెట్టారు. పందిపేగులో పక్కటెముకలూ తోక ముక్కలూ కూరి, పొగబెట్టి ఉడికించేది. ఒనోరియో తిని, లేచి, వంటింట్లోకే వెళ్ళాడు. "ఓక్ కట్టెల పొగ ఎంత బాగా పట్టిందమ్మా" అన్నాడు. సెబ్రేరో కొండ మీద కొత్త జున్ను మీద తేనె పోసి పెడితే, "కొండపూల వాసనొస్తోంది" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆకిలీనా అతని నోట పూల పేరు వినలేదు.

ఇక మెలీదేలో చెప్పక్కర్లేదు. రాగి కాగులోంచి ఆక్టోపస్‌ని పైకి తీసి, కత్తెరతో చెక్క పళ్ళెంలోకి కత్తిరించి, ఆలివ్ నూనె, ఎర్ర మిరప్పొడి, పైన కల్లుప్పు చల్లి ఇచ్చింది ఒక నలభై ఏళ్ళావిడ. పక్క బల్ల దగ్గర లారీ డ్రైవరు, "మెత్తగా ఉంది, అయినా పంటికి అందుతోంది" అన్నాడు. రెండు నిమిషాలకు ఒనోరియో ఆవిడతో అవే మాటలు, అక్షరం పొల్లుపోకుండా అన్నాడు. ఆవిడ మురిసిపోయి ఇంకో పళ్ళెం ఊరికే తెచ్చిపెట్టింది. ఇచ్చకాలాడడానికి కూడా అరువు మాటలే అనుకుంది ఆకిలీనా. ఆమె మాత్రం ముక్క కూడా ముట్టలేదు.

ఊరు దాటాక అంది—

"ఆవిడ చేతులు ఎర్రగా ఎంత బాగున్నాయో."

"చేతులు నేను చూడలేదే."

"నువ్వు చూడలేదులే. ఆవిడే చూపించింది."

"ఆకిలీనా..."

"నడవవయ్యా. ముందర ఇంకా ఎన్ని వంటిళ్ళున్నాయో, అన్నిటికీ హారతి పట్టాలి నువ్వు."

అలా మూతి ముడుచుకునే ఫొంతెలా చేరింది. ఆ రోజు నవంబరు ఒకటి. తెల్లారితే చనిపోయినవాళ్ళ పండగ. చలికాలం మొదలైంది కాబట్టి సత్రంలో వాళ్ళిద్దరే యాత్రికులు. బల్బీనా ఇద్దరికీ కాల్దో పోసింది. తెల్ల చిక్కుళ్ళు, బంగాళాదుంపలు, టర్నిప్ ఆకులు, పాత పందికొవ్వు వేసి మరిగించే మా ఇంటింటి సూపది. తర్వాత ఇంకో గిన్నె నింపి, చెంచా పక్కన పెట్టి, ఎవరూ కూర్చోని కుర్చీ ముందు ఉంచింది.

"ఈ రాత్రి పొయ్యి ఆర్పను" అంది బల్బీనా. "మావాళ్ళు వస్తారు. మట్టిలోంచి చలికి వణుక్కుంటూ వస్తారు పాపం."

"మా వైపూ పెద్దవాళ్ళు పెట్టేవారు" అంది ఆకిలీనా.

"ఇక్కడ ఇప్పటికీ ఇంటింటా పెడతారు తల్లీ. కింద తోపులో ఇంటికి తప్ప."

ఆ మాటన్నాక ఆమె కిటికీ మూసి వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించింది.

"దొరిందా ఇల్లది. యాత్రికులకు వండిపెట్టేది. ఆమె కాల్దో కోసం దారి మళ్ళి వచ్చేవాళ్ళు. ఒకరోజు మొగుడు నలుగురి ముందూ అన్నాడు... పక్క ఊళ్ళో తిన్న కాల్దో ఇంతకన్నా బాగుందని. సరదాకే అన్నాడేమో, ఎవరికి తెలుసు. ఆ పూటే అందరినీ బయటికి పంపి తలుపు గడియ పెట్టుకుంది. వండలేదు, తినలేదు. చివరికి తలుపు బద్దలుకొట్టేసరికి... పొయ్యి ముందు కూర్చునే ఉంది. చేతిలో గరిటె. వేళ్ళు విడదీయలేకపోయారు. గరిటెతోనే పూడ్చారు."

ఆకిలీనాకు జాలి వేసింది. ఆ దొరిందా ఎందుకలా చేసిందో ఆమెకు ఎవరూ వివరించక్కర్లేదు.

"అక్కడ తిన్నవాళ్ళెవరైనా ఉన్నారా?" అని ఒనోరియో అడిగాడు. సాయంత్రం నుంచీ అతను నోరు తెరవడం అదే మొదలు.

"మా ఎలాదియో మామయ్య తిన్నాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ఒక్క పూట కూడా తృప్తిగా తినలేదు. మా అత్తయ్య వండి, పక్కనే కూర్చుని ఏడ్చేది."

"అది సరే... కానీ అక్కడ తిన్నది? దాని రుచి తెలిసిందా అతనికి?"

"తెలియకేం నాయనా. పుట్టాక అదే మొదటి ముద్ద అనిపించిందట."

ఒనోరియో చెంచా కింద పెట్టాడు. ఆ తర్వాత పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాడు. అతని ముఖంలో ఆశ కనిపించింది ఆకిలీనాకు. దారిలో బతికున్నవాళ్ళు చాల్లేదు, ఇప్పుడు చచ్చినదాని గిన్నె మీద పడింది ఇతని కన్ను... అనుకుని, అటు తిరిగి పడుకుంది. నిద్ర పట్టేదాకా పళ్ళు నూరుతూనే ఉంది.

మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటే. పక్క మంచం ఖాళీ.

యాత్రికులు చీకట్లోనే లేస్తారు, అందులో వింతేం లేదు. కానీ ఒనోరియో సంచీ మంచం కిందే ఉంది. చేతికర్ర గోడకే ఉంది. బూట్లు మాత్రం లేవు.

ఎక్కడికి వెళ్ళాడో ఆమెకు క్షణంలో తెలిసిపోయింది. టార్చి తీసుకుని బయటపడింది.

తోపులోకి దిగుతుంటే మంచు దట్టమైంది. టార్చి వెలుగు నాలుగడుగులు కూడా పోవడం లేదు. కాళ్ళ కింద చెస్ట్‌నట్ తొక్కలు నలుగుతున్నాయి. ఆగితే ఆ చప్పుడు ఆగింది... మళ్ళీ నడిస్తే మళ్ళీ వచ్చింది. తన అడుగుల చప్పుడే అని చెప్పుకుంది. వెనక్కి చూడలేదు.

అప్పుడు వాసన వచ్చింది.

ఆకిలీనా నిలబడిపోయింది. ఆమె ముక్కుకు ముప్పై ఒక్క ఏళ్ళ చాకిరీ ఉంది, ఏదీ దాగదు దానికి. రెండు చలికాలాలు వేలాడదీసిన కొవ్వు, పాతదే కానీ ముక్కిన వాసన లేదు. టర్నిప్ ఆకులు విడిగా ఉడికించి, చేదు నీళ్ళు పిండేసి, చివర్లో వేసినవి. చిక్కుళ్ళు పగలకుండా సన్నసెగ మీద రాత్రంతా... ఎక్కడా తప్పు లేదు. తప్పు వెతికింది, దొరకలేదు. భయపడాల్సిన చోట నిలబడి ఆమె కుళ్ళుకుంది. అదే ఆమె కాళ్ళను ముందుకు నడిపింది.

ఇల్లు కనిపించింది. కిటికీ చెక్కల సందుల్లోంచి ఎర్రటి వెలుతురు వస్తోంది.

తలుపు ఓరగా తీసి ఉంది. తోసింది.

లోపల పొయ్యి మండుతోంది. పైన గొలుసుకు నల్లటి కుండ వేలాడుతోంది. పొయ్యి పక్క గోడకు చెక్క ఉప్పుడబ్బా. మధ్యలో బల్ల, బల్ల దగ్గర ఒనోరియో ఒక్కడే. అతని ముందు ఆవిర్లు కక్కుతున్న గిన్నె... చేతిలో చెంచా.

"ఎవరు పెట్టారు నీకు?" ఆమె గొంతు గుసగుసగానే వచ్చింది.

"తెలీదు. తలుపు తీసే ఉంది. గిన్నె ఇక్కడే ఉంది, వేడిగా..."

"ఎవరూ లేరూ?"

"నేను చూడలేదు."

"తిన్నావా?"

"మూడు చెంచాలు."

ఆకిలీనా బల్ల దగ్గరికి వచ్చింది. అయిపోయింది. ఇక తను జీవితాంతం వండినా ఈ మనిషి నోటికి గడ్డే.

"రెండేళ్ళు నా సూపు గుటుక్కున మింగి లేచిపోయావు" అంది. "దారి పొడుగునా కనిపించిన ప్రతి గరిటెకూ దండం పెట్టావు. నాకేం తెలియదనుకున్నావా? చివరికి చచ్చినదాని వాకిట్లోకి కూడా వచ్చావు. నా చేతిలో ఏం తగ్గిందో ఒక్కసారి చెప్పు. చెప్పి, తర్వాత ఆ గిన్నెలోనే పడి చావు."

ఒనోరియో చెంచా బల్ల మీద పెట్టాడు. పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"నీ చేతిలో ఏం తగ్గలేదు" అన్నాడు. "నా నోరే పోయింది."

"అంటే?"

"ముందటేడు చలికాలంలో జ్వరం వచ్చింది చూడు... పదిరోజులు పడుకున్నా. లేచాక వాసన లేదు, రుచి లేదు. ఉప్పు లేదు, తీపి లేదు. వస్తుందిలే, వస్తుందిలే అనుకున్నా. ఇవాళ్టికీ రాలేదు."

ఆకిలీనా అతన్ని ఎగాదిగా చూసింది.

"బొతీయో?"

"వేడిగా ఉందని తెలిసింది."

"తేనె?"

"బంకగా ఉంది."

"ఆక్టోపస్?"

"చెప్పు అట్ట నమిలినట్టుంది."

"మరి ఆ పొగడ్తలన్నీ..."

"పక్కవాళ్ళు అన్నవే. వండినామె నిలబడి చూస్తుంటుంది, ఏదో ఒకటి అనాలి కదా. వాళ్ళతో అబద్ధమాడడానికి నాకేం కష్టం లేదు." తల దించుకున్నాడు. "నీ సూపు తాగి, రుచి తెలియకుండా 'ఊఁ' అనడం మాత్రం చాతకాలేదు. అలాగని చెప్పనూ లేకపోయా. ఇన్నేళ్ళు వండిన మనిషివి... ఇక నుంచి మొద్దుకు వండిపెడుతున్నావని ఎలా చెప్పను? పునీత యాకోబునే అడుగుదామని బయల్దేరదీశా. రాత్రి బల్బీనా ఈమె సంగతి చెబితే... పునీతుడి కన్నా ఈమె దగ్గరలో ఉందనిపించింది."

"మరి... ఇది తెలిసిందా? దీని రుచి?"

ఒనోరియో తల అడ్డంగా ఊపాడు. "ఇదీ వేణ్ణీళ్ళే."

ఆ మాట వినగానే ఆకిలీనాకు ముందు కలిగింది సంతోషం. దొరిందా వల్ల కూడా కాలేదు! ఆ వెంటనే సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాల రెండేళ్ళ ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. బెంచీ మీద అతని పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది. అతని చెయ్యి చల్లగా ఉంది.

"పిచ్చి మొగుడా" అంది. "నాతో చెబితే నేను ఏడ్చి ఊరుకునేదాన్నిగా."

"ఏడుస్తావనే చెప్పలేదు."

ఒనోరియో గిన్నె ఆమె వైపు జరిపాడు.

"నువ్వు తిని చెప్పు. ఎలా ఉందో నీ నోటితో వింటే చాలు నాకు."

తినకూడదని ఆమెకు తెలుసు. కానీ ఆ వాసన తోపు మొదట్నుంచీ ఆమెను పీకుతూనే ఉంది. ఎంతటి చెయ్యో తేల్చుకోవాలని కూడా ఉంది. చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది.

కళ్ళు మూసుకుంది.

భోజనశాల పొయ్యి ముందు నిలబడి జీవితమంతా ఆమె దేనికోసం వెతికిందో, ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చి ఏది జారిపోయిందో... అది ఇక్కడ, ఈ ముష్టి చిక్కుళ్ళ సూపులో నిండుగా ఉంది. తన సూపు దీని ముందు నిలవదు. ఆ సంగతి ఆమె నాలుకకు తెలిసిపోయింది. బాగుంది అని ఒక్క మాట అంటే సరిపోయేది.

ఒనోరియో ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, చిన్నపిల్లాడిలా నోరు కొంచెం తెరుచుకుని. "ఎలా ఉంది?"

ఆకిలీనా చెంచా కింద పెట్టింది.

"ఉప్పు తక్కువ" అంది.

పొయ్యిలో మంట ఒక్కసారి కుంగింది.

గోడ దగ్గర... టక్కుమని చప్పుడు. ఉప్పుడబ్బా మూత తెరుచుకుంది. డబ్బాలో ఏదో చెయ్యి గరగరమని కలియబెట్టిన చప్పుడు. మూత పడింది.

ఆ తర్వాత అడుగులు. చెక్క చెప్పులవి. రాతి నేల మీద టక్... టక్... టక్... తొందరేం లేదు. ఆకిలీనా వెనక దాకా వచ్చి ఆగాయి. మెడ మీద పొగవాసన ఊపిరి తగిలింది. ఆమె కదల్లేదు.

ఆమె భుజం మీదుగా గిన్నెలోకి కల్లుప్పు పడింది. చిటికెడు కాదు, పిడికెడు.

ఒనోరియో అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఏమీ చూడలేదు, ఆ చప్పుళ్ళు కూడా అతనికి వినపడినట్టు లేవు. నిట్టూర్చి, అలవాటుకొద్దీ చెంచా అందుకున్నాడు. ముంచి నోట్లో పెట్టుకుని... ముఖం వికారంగా పెట్టి దగ్గాడు.

"అబ్బా... ఇంత ఉప్పా ఆకిలీనా. విషం చేసిపెట్టావు."

అన్నాక ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఉప్పు..." అన్నాడు మెల్లగా. పెదవులు నాక్కున్నాడు. "ఉప్పు తెలిసింది నాకు. చిక్కుళ్ళు... ఆకు... ఆకిలీనా, ఆకు చేదు కూడా తెలుస్తోంది." అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాడు కూడా. ఇంకో చెంచా తిన్నాడు. తర్వాత ఇంకోటి. ఇప్పుడు ఉప్పెక్కువైందని అనడం లేదు. ఆమె భోజనశాలలో తలుపు సందులోంచి చూసిన ముప్పై ఒక్క ఏళ్ళలో, మంచి రోజుల్లో కూడా, ఆ ముఖం మీద అంత వెలుగు ఆమె చూడలేదు.

"ఇంకొంచెం" అన్నాడు.

ఆ మాట ఆమెతో అనలేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తూ అన్నాడు.

భయం ఎటు పోయిందో... ఆకిలీనా లేచింది. ఈ మనిషి నావాడు, అనుకుంది. రుచి తెలిసినా తెలియకపోయినా నావాడే. రెండు చేతులతో గిన్నె అంచులు పట్టుకుని బలంకొద్దీ తన వైపు లాగింది.

చెక్క చెప్పులు టక్కుమని బల్ల అవతలికి చేరాయి. అవతలి నుంచి కూడా ఎవరో లాగారు.